పాఠానికి ముందు కాఫీ

మర్లేని మోచేత్తో తలుపు తోసుకుని, రెండు చేతులా ట్రే పట్టుకుని లోపలికొచ్చేసరికి కాల్ సెంటర్లో ఆ రోజు ఇంగ్లీషు పాఠంలో అసలు ముక్క అయిపోయింది. బోర్డు మీద రాసింది సగం చెరిపేసి ఉంది. అందరూ పగలబడి నవ్వుతున్నారు. ప్రొఫెసర్ ఏదో వేషం కట్టి చూపించినట్టున్నాడు, నుదుటి మీది చెమట తుడుచుకుంటున్నాడు.

"రండి రండి, దోన్యా మర్లేనీ. ఈరోజూ ఆలస్యమే," అన్నాడు, ఆ ఊళ్ళో పెద్దావిడల్ని మర్యాదగా పిలిచే దోన్యా చేర్చి. ట్రేలోంచి తన కప్పు తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. తర్వాత హాజరుపట్టీలో ఆవిడ పేరు పక్కన గీత గీశాడు.

ఆ వరుస చూడండి. ముందు కప్పు, తర్వాత గీత. చేతికి కాఫీ అందించిన మనిషికి ఆ చేత్తోనే ఆలస్యం రాయడానికి ఎంత తెగింపు ఉండాలి! ఆ తెగింపు ప్రొఫెసర్ రోబిన్సోన్‌కి ఉంది. స్పానిష్ మాట్లాడే ఈ మనిసాలెస్ కొండ ఊళ్ళోనే, కేబుల్ కారు స్టేషన్ వెనక సందులో పుట్టి పెరిగినవాడు. టొరంటోలో కొన్నాళ్ళుండి వచ్చాక పేరు రాబిన్సన్ అయింది. కన్నతల్లి పాత పేరుతో పిలిచినా సరిదిద్దుతాడని కాల్ సెంటర్లో చెప్పుకుంటారు.

మర్లేని కప్పులు పంచింది. తింతో అంటే పాలు లేని చిన్న కప్పు కాఫీ, అది కడుపులో పడకపోతే ఆ ఊళ్ళో ఏ పనీ మొదలవ్వదు. ఎవరికి చక్కెర, ఎవరికి బెల్లం, ఎవరికి ఉత్తది, అన్నీ ఆవిడ చేతికి తెలుసు. కోఆర్డినేటర్ హిమేనాకి మాత్రం కాస్త వేడినీళ్ళు కలపాలి, లేకపోతే కడుపులో మంటట. పంచడం అయ్యాక తలుపు దగ్గర మిగిలిన కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ అదే మిగులుతుంది, తలుపు తెరిచినప్పుడల్లా వీపుకి చలిగాలి కొడుతుంది.

"దోన్యా మర్లేనీ, మీరే చెప్పండి," అన్నాడు రాబిన్సన్. "ఒహాయోలో ఒకాయనకి వారం నుంచి ఇంటర్నెట్ లేదు. మండిపడుతున్నాడు. ఆయన బాధ మీకు అర్థమైందని ఇంగ్లీషులో ఎలా చెబుతారు?"

ఆవిడ లేచి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పింది. ఇది టాలరేట్ చెయ్యడం చాలా కష్టమని నాకు తెలుసండీ, అని.

గది మళ్ళీ గొల్లుమంది.

"బిషప్ గారొచ్చారు! అందరూ మోకాళ్ళ మీద కూర్చోండి!" అన్నాడు రాబిన్సన్. "ఇప్పుడే కదమ్మా ఆడి చూపించాను. మీరెక్కడున్నారు?"

ఎక్కడుంటుంది? వంటగదిలో నీ కాఫీ వడకడుతోంది.

ఇంగ్లీషువాళ్ళకొక జబ్బుంది. ఒక్క మాటతో అయ్యే పనికి రెండు మూడు చిట్టిమాటలు పక్కపక్కన నిలబెడతారు. పుట్ అంటే పెట్టడం. దాని పక్కన అవుట్ చేరిస్తే మంట ఆర్పడం, ఆఫ్ చేరిస్తే వాయిదా వెయ్యడం, అప్, విత్ రెండూ తగిలిస్తే భరించడం. ఎందుకలా అంటే ఎవడూ చెప్పడు. స్పానిష్ నోటికి ఆ జంటమాటలు తిరగవు. అందుకని తమ తొలెరార్‌ని కాస్త చెక్కి టాలరేట్ అంటారు, ఎస్తింగిర్‌ని చెక్కి ఎక్స్‌టింగ్విష్ అంటారు. తప్పేం కాదు. కానీ ఇంటర్నెట్ పోయి జుట్టు పీక్కుంటున్న అమెరికావాడికి అది చర్చిలో ప్రసంగంలా వినిపిస్తుందట. శుక్రవారం మౌఖిక పరీక్షలో కంపెనీవాళ్ళు చూసేది ఇదే. చిట్టిమాటలు నోట్లోంచి వాటంతటవి రాలిపడాలి.

ఆ పరీక్ష మర్లేనికి ఆటవిడుపు కాదు. ఆవిడ స్పానిష్‌లో ఫోన్లు తీసే లైనుని నెలాఖరుకి వేరే ఊరికి తరలించేస్తున్నారు. పరీక్ష గట్టెక్కినవాళ్ళు మూడో అంతస్తులో ఇంగ్లీషు లైనుకి వెళతారు, మిగతావాళ్ళు ఇంటికి. మర్లేనికి నలభై దాటి కొన్నేళ్ళయింది. ఆ వయసు ఆడమనిషికి ఆ ఊళ్ళో కొత్తగా ఉద్యోగమిచ్చేవాడు ఎవడూ లేడని ఆవిడకీ తెలుసు, రాబిన్సన్‌కీ తెలుసు, హిమేనాకి ఇంకా బాగా తెలుసు.

ఆ సాయంత్రం కేబుల్ కారులో యురాని ఎదురుగా కూర్చుంది. ఇరవయ్యేళ్ళ పిల్ల, పక్క సీటులో పనిచేస్తుంది. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. మర్లేని తప్పిపోయిన పాఠమంతా రోజూ ఆ పిల్లే తీగ మీద వేలాడే ఆ పెట్టెలో ఆడి చూపిస్తుంది.

"ఇటు చూడండి దోన్యా. ఇది గివ్ అప్." చేతులు రెండూ పైకెత్తి, కళ్ళు తేలేసి, సీటు మీద పక్కకి ఒరిగిపోయింది.

"చచ్చిపోయావా?"

"చావడం కాదండీ బాబూ! ఇక నావల్ల కాదని వదిలెయ్యడం. ఇప్పుడిది గెట్ అవే విత్." యురాని పక్కనున్న ముసలాయన సంచీలోంచి అరటిపండు తీసినట్టు నటించి, ఈల వేస్తూ కిటికీలోంచి చూసింది.

"దొంగతనమా?"

"దొంగతనం చేసి కూడా ఎవరూ ఏమీ అనకపోవడం."

"ఓహో. మన హిమేనా."

యురాని పడీపడీ నవ్వింది. ముసలాయన సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. కింద ఇళ్ళ రేకుల మీద మంచు దిగుతోంది, పెట్టె చిన్నగా ఊగుతోంది.

"అసలు మీరెందుకు పెడుతున్నారు దోన్యా ఆ కాఫీ? నేను పెట్టను పొమ్మనొచ్చుగా?"

"ఎలా అంటామే? మనిషి నోరెండి కూర్చుని కప్పు కోసం చూస్తుంటే?"

"వాడా? నోరెండడమా? వాడి నోరు ఆగితే కదా ఎండడానికి!"

మర్లేని కూడా నవ్వింది కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎవరూ పెట్టమనలేదు, అదీ నిజం. కాఫీ పెట్టే రోస్మీరాని పొదుపు పేరుతో తీసేశాక, క్లాసు మొదలైన రోజు హిమేనా గదంతా కలియజూసి "అయ్యో, తింతో లేకుండానే?" అంది. అందరూ తలలు దించుకుని పుస్తకాలు చూసుకున్నారు. మర్లేని మాత్రం లేచింది. గురువు ఇంటికొస్తే ఒట్టి నోటితో కూర్చోబెట్టని ఇంట్లో పెరిగింది మరి. మర్నాడు ఎవరూ నోరు తెరిచి అడగలేదు, ఉత్తినే ఆవిడవంక చూశారు. ఆ మర్నాడు చూడను కూడా చూడలేదు.

మంగళవారం షిఫ్టులో ఫోన్లో ఒకాయన టీవీ రావట్లేదని మర్లేని తల్లిని తిట్టాడు. ఆవిడ మ్యూట్ బొత్తాం నొక్కి, మైకు పక్కకి తిప్పి, "పుట్ అప్ విత్, పుట్ అప్ విత్, పుట్ అప్ విత్," అని పళ్ళ మధ్యనుంచి అనుకుంది. బొత్తాం వదిలి, "తప్పకుండానండీ, సంతోషంగా చూస్తాను," అంది స్పానిష్‌లో, చక్కెర పాకం లాంటి గొంతుతో. ఇంటికెళ్ళి మొక్కజొన్న పిండి పిసుకుతూ కూడా అదే పని. అరెపా రొట్టెలు చేత్తో తట్టి పెనం మీద వేస్తూ ఒక్కో అరెపాకీ ఒక్కో జంటమాట. టర్న్ డౌన్, కాదనడం. లెట్ డౌన్, నమ్మినవాళ్ళని ముంచడం. లుక్ డౌన్ ఆన్, చులకనగా చూడడం. పిండిని అరచేతుల మధ్య ఎంత గట్టిగా చరిచిందంటే అంచులన్నీ పగిలిపోయాయి. విరిగినవే తింది.

బుధవారం క్లాసుకి ముందు నడవాలో రాబిన్సన్‌ని ఆపింది. ఎంత మర్యాదగా అడగాలో అంత మర్యాదగా అడిగింది.

"ప్రొఫెసర్ గారూ, ఏమనుకోకండి. నేను కాఫీ తెచ్చాక మొదలుపెడితే బాగుంటుందేమో. ముందు భాగమంతా నాకు పోతోంది."

"మీ ఒక్కరి కోసం అందర్నీ ఆపమంటారా?"

"ఒక్కదాని కోసం కాదు కదండీ. అందరూ తాగేదే కదా."

రాబిన్సన్ గడియారం చూసుకున్నాడు. "టొరంటోలో ఎవరూ ఎవరి కోసం ఆగరు, దోన్యా. అది నేర్చుకోవాలి మీరు ముందు. పైగా నాకు నిన్న బెల్లం మరీ ఎక్కువైంది."

అని వెళ్ళిపోయాడు! మర్లేని అక్కడే నిలబడిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా కాళ్ళు వంటగదివైపే నడిచాయి. నీళ్ళు మరిగాయి, గుడ్డలో పొడి పొంగింది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బెల్లం తగ్గించి మరీ వేసింది. దానికే ఆవిడకి తన మీద తనకి ఎక్కువ కోపం వచ్చింది.

గురువారం పొద్దున్న పరీక్షకి కూర్చునేవాళ్ళ పేర్లు గోడకి అంటించారు. యురాని పేరుంది. క్లాసులో నిద్రపోయే కుర్రాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. మర్లేని పేరు లేదు. వేలు పెట్టి కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చదివింది. లేదు.

హిమేనా గది తలుపు తట్టకుండానే తోసింది.

"నా రాణీ! రండి, కూర్చోండి," అంది హిమేనా. ఆవిడకి ఆడవాళ్ళందరూ రాణులే. "నాకు తెలుసు, తెలుసు. నాకెంత బాధగా ఉందో మీకు చెప్పలేను. కానీ ఆలస్యాలు హద్దు దాటితే పరీక్షకి పంపకూడదు. నియమం నేను పెట్టింది కాదు, కంపెనీది. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

"నేను ఆలస్యంగా ఎక్కడొచ్చానమ్మా? అందరికంటే ముందే వస్తున్నాను. మీ కాఫీ పెట్టి తెస్తున్నాను. మీ కప్పులో వేడినీళ్ళు కలిపి తెస్తున్నాను!"

హిమేనా మొహంలో చిరునవ్వు అలాగే ఉంది. తల కాస్త పక్కకి వాల్చింది.

"ఎవరు పెట్టమన్నారు, నా రాణీ?"

ఎవరు పెట్టమన్నారు? ఎవరూ పెట్టమనలేదు. ఎన్నాళ్ళనుంచో మర్లేని మనసులో మెదులుతున్న మాట అదే, దాన్నే తీసి ఎదురుగా పెట్టింది హిమేనా, తేనె పూసిన ఆ పెదాలతో.

"మీ మంచితనం మీది. ఎవరమూ కాదనలేదు," అంది హిమేనా లేచి, ఆవిడ భుజం నిమురుతూ. "పరీక్ష లేకపోయినా క్లాసుకి రండి, నెలాఖరు దాకా మీకు హక్కుంది. అన్నట్టు, ఈరోజు అమెరికా కంపెనీ నుంచి మిస్ హార్గ్రోవ్ వస్తున్నారు క్లాసు చూడ్డానికి. తింతో కాస్త మంచిగా పెట్టండేం? మీ చేతి రుచి ఇంకెవరికీ రాదు."

సిగ్గుండాలి! కాస్తయినా సిగ్గుండాలి మనిషన్నాక! మర్లేని బయటికొచ్చింది. ఏడుపు రాలేదు. ఏడుపొస్తే బాగుండేది, కాస్త చల్లారేది.

వంటగదిలోకి వెళ్ళింది. గిన్నె తీసింది, నీళ్ళు పోసింది, పొయ్యి వెలిగించింది. నీలి మంట చుట్టూ తిరిగి అంటుకుంది. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు లేస్తుంటే చూస్తూ నిలబడింది. మంటని చూడగానే ఆర్పడానికి ఇంగ్లీషులో చిట్టిమాటలేమిటో టక్కున నోటికొచ్చాయి, బిషప్ గారి మాట రాలేదు. పరీక్షలో రావలసిన మాటలు ఇప్పుడెందుకూ! పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, క్లాసు గదిలోకి వెళ్ళి ముందు వరుసలో మధ్య కుర్చీలో కూర్చుంది.

ఆ కుర్చీలోంచి బోర్డు ఇంత దగ్గరగా కనబడుతుందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు.

ఒక్కొక్కరే వచ్చారు. ఆవిడని చూసి, ట్రే కోసం చూసి, మళ్ళీ ఆవిడని చూశారు. మిస్ హార్గ్రోవ్ తలనెరిసిన సన్నటి మనిషి, వానకోటు ఒళ్ళో మడిచి పెట్టుకుని పక్కగా కూర్చుంది. స్పానిష్ ఒక్క ముక్క రాదు, అందరికీ నవ్వుతూ తలూపుతోంది. హిమేనా ఆవిడ వెనకనుంచి మర్లేని దగ్గరికి వంగింది.

"తింతో ఏదీ, నా రాణీ?"

"ఈరోజు నేను క్లాసుకొచ్చాను."

"అవునవును, కానీ అతిథి..."

"ఎవరూ పెట్టమనలేదుగా నన్ను," అంది మర్లేని, గొంతు తగ్గించకుండా.

హిమేనా చిరునవ్వు చెదరలేదు, చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి. చుట్టూ చూసి, "యురానీ, బంగారం, నువ్వు వెళ్ళమ్మా. చకచకా," అంది.

యురాని మర్లేనివంక చూసింది. ఆ పిల్ల పేరు గోడ మీద ఉంది. రేపు పరీక్ష. మర్లేనికి ఆ చూపు అర్థమైంది, వెళ్ళొద్దని ఎలా అంటుంది? ఆ పిల్ల నోటిదగ్గర కూడు తన కోపంతో తీసేస్తుందా? తల ఊపింది. యురాని లేచి తలుపు తీసుకుని వెళ్ళింది.

తలుపు మూసుకుందో లేదో రాబిన్సన్ చేతులు చరిచాడు. "వెల్, లెట్స్ స్టార్ట్!" అని బోర్డు వైపు తిరిగి, మార్కర్ మూత తీశాడు.

"ఆగండి," అంది మర్లేని.

లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు.

"యురాని రావాలి."

"కూర్చోండి దోన్యా. ఆ అమ్మాయికి తర్వాత ఎవరైనా చెబుతారు."

"మొదటి ముక్క పోతుంది. ఆ ముక్కలోనే అంతా ఉంటుంది. ఆ పిల్ల వచ్చి కూర్చునేదాకా మీరు ఒక్క మాట రాయడానికి వీల్లేదు."

"దోన్యా మర్లేనీ," అంది హిమేనా వెనకనుంచి, ఈసారి రాణి లేదు. "అతిథి ముందు బాగోదు. బయటికి రండి, మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడుకుందాం."

మిస్ హార్గ్రోవ్ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసి, ఏమైందని ఇంగ్లీషులో అడిగింది. రాబిన్సన్ పళ్ళన్నీ కనబడేలా నవ్వి, ఏమీ లేదు మేడమ్, ఒకావిడకి కాస్త ఒంట్లో బాగోలేదు, అన్నాడు. టొరంటో ఇంగ్లీషు, నున్నగా జారింది.

అబద్ధం పూర్తిగా అర్థమైంది మర్లేనికి. ఒక్క మాట తప్పిపోలేదు.

"నో," అంది.

ఆ తర్వాత ఇంగ్లీషులోనే మాట్లాడింది. నాకు ఒంట్లో బాగానే ఉంది మేడమ్, అంది. ఈ గదిలో కాఫీ తెచ్చేది నేను. నేను వంటగదిలో ఉండగా ఈయన పాఠం మొదలుపెడతాడు. నా చేతి కాఫీ తాగుతూ నాకు ఆలస్యం రాస్తాడు. ఆ ఆలస్యాల వల్ల రేపటి పరీక్షనుంచి నన్ను తీసేశారు. ఇప్పుడు ఇంకో అమ్మాయిని పంపారు, మళ్ళీ మొదలుపెడుతున్నారు. అందుకని నిలబడ్డాను. వ్యాకరణంలో కాలాలు తప్పాయి, ఒకచోట మగవాడిని ఆడదాన్ని చేసింది, చిట్టిమాటలు కొన్ని సరిగ్గా పడ్డాయి, కొన్ని చోట్ల బిషప్ గారు పూర్తి వేషంలో దిగారు. ఏది ముందు నోటికొస్తే అది. మాట మాత్రం ఎక్కడా ఆగలేదు. గదిలో ఒక్కరూ నవ్వలేదు.

వెనక వరుసలో ఎవరో పుస్తకం మూసిన చప్పుడైంది. పక్కనున్నవాడూ మూశాడు. తర్వాత అందరూ మూశారు. ఇన్నాళ్ళూ తలలు దించుకున్నవాళ్ళే వీళ్ళు. మర్లేనికి వాళ్ళ మీదా కోపమే. ఇప్పటిదాకా ఏం చేశార్రా?

మిస్ హార్గ్రోవ్ హిమేనా వైపు తిరిగింది. ఈవిడ రేపటి పరీక్షలో లేరా, అని అడిగింది. అంతే. గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు, టైమెంతయిందని అడిగినట్టు అడిగింది.

"ఆఫ్ కోర్స్ ఉన్నారు!" అంది హిమేనా వెంటనే. "లిస్టులో చిన్న పొరపాటు జరిగింది, ఇవాళే సరిచేస్తున్నాం."

మర్లేనికి సంతోషం కలగాలి. కలగలేదు. ఒళ్ళంతా భగ్గుమంది. అంత తేలికా? పొద్దున్న కంపెనీ నియమం, చేతుల్లో ఏమీ లేదు, ఎంతో బాధ. అవన్నీ వానకోటు మడుచుకున్న ఒక పరాయి మనిషి అడిగిన ఒక్క ప్రశ్నకే ఊడిపోయాయా? తను తలుపు తోసుకుని వెళ్ళి సొంత భాషలో, సొంత గొంతుతో అడిగితే లేని దారి, ఆవిడ అడిగితే ఎక్కణ్ణుంచి వచ్చింది? నెలల తరబడి వడకట్టిన కాఫీ అంతా గుర్తొచ్చింది. రోస్మీరా కూడా గుర్తొచ్చింది. ఆ మనిషిని తీసేసినప్పుడు అడగడానికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళెవరూ లేకపోయారు.

"థ్యాంక్యూ" అనమని హిమేనా కళ్ళతో సైగ చేసింది. మర్లేని అనలేదు. అలాగే నిలబడి ఉంది.

రాబిన్సన్ మార్కర్‌కి మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు. నడవాలో ఎవరి అడుగులు వినబడ్డా అందరూ తలుపువైపు చూశారు.

చివరికి యురాని మోచేత్తో తలుపు తోసింది. ట్రే ఒరిగి కప్పుల్లో సగం కాఫీ పళ్ళెంలోకి ఒలికిపోయి ఉంది. బోర్డు తెల్లగా ఖాళీగా ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంకా మొదలుపెట్టలేదా?"

"నీకోసమే చూస్తున్నారమ్మా," అంది మర్లేని. "అక్కడ పెట్టి రా. ఇక్కడ, నా పక్కన కూర్చో."

యురాని ట్రే బల్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. అప్పుడు కూర్చుంది మర్లేని. పంచేవాళ్ళు లేక ట్రే బల్ల మీదే ఉండిపోయింది. మిస్ హార్గ్రోవ్ మర్యాదగా ఎదురుచూస్తోంది. ఇక తప్పక హిమేనాయే లేచింది. అతిథికి ఒక కప్పు ఇచ్చింది. రెండో కప్పు రెండు చేతులతో పట్టుకుని, చిరునవ్వు మొహాన తెచ్చుకుని, నేరుగా ముందు వరుసలోకి వచ్చి మర్లేని ముందు చాపింది.

"తింతికో, దోన్యా మర్లేనీ?" అంది, తింతోని ముద్దు చేసి.

మనిసాలెస్‌లో చేతికిచ్చిన తింతోని కాదనరు. ఒంట్లో బాగోకపోయినా, ఇప్పుడే తాగొచ్చినా, ఇచ్చినవాళ్ళు పగవాళ్ళయినా సరే, తీసుకుని ఒక్క గుక్కయినా తాగుతారు. కాదన్నారంటే ఆ మనిషితో ఇక మాటల్లేవని అర్థం. గదిలో ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు, ఒక్క మిస్ హార్గ్రోవ్‌కి తప్ప.

మర్లేని కప్పువంక చూసింది. హిమేనా మొహంవంక చూసింది. చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

"పాఠం మొదలుపెట్టండి, ప్రొఫెసర్ గారూ," అంది.

రాబిన్సన్ బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెట్టాడు. హిమేనా ఆ కప్పు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.